హైడ్రా ఎలా తింటుంది?

హైడ్రా అనగానే ఇప్పుడు పిల్లలకు కూడా హైదరాబాదులో చెరువుల ఆక్రమణలు కూల్చే సంస్థే గుర్తుకొస్తోంది. 2024లో ఆ సంస్థ రాకముందు ఆ పేరు మా సైన్సు టీచర్లదే. నేను చెప్పేది ఆ పాత హైడ్రా సంగతి. మంచినీటి కుంటల్లో నీటిమొక్కలను అంటుకొని ఉండే, దారప్పోగంత ప్రాణి.

చలికాలంలో, మురుగు కలవని కుంట నుంచి నాలుగు నీటిమొక్కలు తెచ్చి, అదే నీళ్లతో గాజు గ్లాసులో ఒక పూట కదపకుండా ఉంచండి. అదృష్టం బాగుంటే గ్లాసు గోడకు హైడ్రాలు కనిపిస్తాయి. కదిపితే గుండుసూది తలలా ముడుచుకుంటాయి. నెదర్లాండ్స్‌లో ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలకు చదువు చెప్పిన ట్రెంబ్లే మాస్టారు గాజు జాడీల్లో ఇలాగే చూసి 1744లో పుస్తకమే రాశారు. మన వరంగల్‌లో చెరువులకు కొదవ లేదు గానీ, మురుగు చేరినచోట వెతకడం దండగ. రాగి వంటి లోహాలు కాస్త కలిసినా హైడ్రా తట్టుకోలేదు.

దీనికి మెదడు లేదు, కళ్లు లేవు. స్పర్శకాలను నీళ్లలో తీగల్లా చాచి కాచుకొని ఉంటుంది. డాఫ్నియా గానీ సైక్లాప్స్ గానీ తగిలితే చాలు, దంశకణాల్లో చుట్టుకొని ఉన్న ముళ్ల దారాలు దూసుకొచ్చి విషం దించుతాయి. ఎర గాయం నుంచి కారే గ్లుటాథయోన్ అనే పదార్థం తగిలాక నోరు తెరుచుకుంటుంది. (ఈ సైక్లాప్స్ మన పెద్దవాళ్లకు పాత శత్రువే. నారికురుపు పురుగును తాగేనీళ్లతో కడుపులోకి చేర్చింది అదే. నీళ్లు బట్టతో వడపోసుకోమన్నది అందుకే. 2000లో మన దేశం ఆ జబ్బు నుంచి బయటపడినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.)

అసలు పాఠం ఇకముందుంది. కణబాహ్య జీర్ణక్రియ, కణాంతర జీర్ణక్రియ అని పిల్లలు గడగడా అప్పజెప్తారు. రెండూ ఎందుకమ్మా అంటే మాట్లాడరు. అమీబా ఒకే కణం, చిన్న ఎరను మింగి తనలోనే అరిగించుకుంటుంది. హైడ్రా పట్టే ఎర మాత్రం దాని కణాలకంటే ఎన్నో రెట్లు పెద్దది. ఏ ఒక్క కణమూ మింగలేదు. అందుకని లోపలి పొరలోని గ్రంథికణాలు కడుపు సంచిలోకి ఎంజైములు వదులుతాయి. మటన్‌ను తునకలు కొట్టి ఉడికించినట్లు, ఎర ముందు అక్కడ మెత్తబడి ముక్కలవుతుంది. అప్పుడు పక్కనున్న పోషక కణాలు అచ్చం అమీబాలాగే మిథ్యాపాదాలు చాచి ఆ ముక్కలను లోపలికి లాక్కొని, మిగతా పని పూర్తి చేస్తాయి. అంటే మొదటిది అందరికీ కలిపి చేసే వంట, రెండోది ఎవరి భోజనం వారిది.

రక్తం లేదు కాబట్టి పోషకాలు ఒక కణం నుంచి ఇంకో కణానికి అలా అందుతూ పైపొరకు చేరతాయి. అరగని పెంకులు మళ్లీ నోటి నుంచే బయటికొస్తాయి, వేరే దారి లేదు. వానపాముకు రెండు ద్వారాలున్నాయి, అందుకే అది ఒకవైపు తింటూ ఇంకోవైపు విసర్జించగలదు.

తిండి బాగా దొరికినన్నాళ్లు హైడ్రా పక్కకు మొగ్గలు వేసి పిల్లలను విడుస్తుంది. దొరకకపోతే మొగ్గలు ఆపి, తన ఒంటినే కొంచెం కొంచెంగా కరిగించుకుంటూ, చిన్నదవుతూ వారాల తరబడి బతుకుతుంది.