విదేశీ విద్యార్థి బ్యాంకు ఖాతా: ఖరగ్‌పూరు తెలుగు కుటుంబాల కొత్త లెక్క

ఖరగ్‌పూరు పేరు వినగానే చాలామందికి రెండు విషయాలు స్ఫురిస్తాయి. మొదటిది, 1072 మీటర్ల పొడవుతో ఎంతోకాలం ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరొందిన రైల్వే ప్లాట్‌ఫారం. (ఆ కీర్తి 2013లో గోరఖ్‌పూరుకు, 2023లో హుబ్బళ్లికి తరలిపోయింది.) రెండవది, హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో 1951లో ఆరంభమైన దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. ఈ రెండింటి నడుమ ఒక తెలుగు పట్టణం కూడా ఉన్నదన్న సంగతి బెంగాలు బయట అంతగా తెలియదు. నింపురా, మథురాకాఠీ, మలంచ ప్రాంతాలలో నాలుగు తరాలుగా తెలుగు వినిపిస్తూనే ఉన్నది. తెలుగును రాష్ట్ర అధికార భాషల జాబితాలో చేర్చాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో నిర్ణయించినప్పుడు, ఆ నిర్ణయానికి ప్రధాన కారణమైన ఊరు ఇదే.

బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనును, వర్క్‌షాపును నెలకొల్పిన కాలంలో, అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణం జిల్లాల నుండి పనివారు తరలివచ్చారు. హౌరా-మద్రాసు మార్గమే వారిని తెచ్చింది. వారి జీతంలో కొంతభాగాన్ని నెలనెలా వెనుకకు తీసుకుపోయింది కూడా ఆ మార్గమే. దేశంలో 1880లో ప్రవేశపెట్టిన పోస్టల్ మనియార్డరు ఆ కుటుంబాల తొలి బ్యాంకు అనవచ్చును. అడుగున ఉండే చిన్న కూపన్ ముక్కపై రెండు మాటల క్షేమసమాచారం, వారం పది రోజులకు ఊరి నుండి తిరిగివచ్చే రసీదుపై తల్లి వేలిముద్ర: ఆ లావాదేవీకి అంతకుమించిన పత్రాలు లేవు. పంపేవానికి గాని, అందుకొనేవారికి గాని ఖాతా అవసరం లేకపోయింది.

నేడు ఆ ప్రవాహం దిశ మార్చుకున్నది. ఆ పనివారి మునిమనుమలు జర్మనీకి, కెనడాకు, ఇంగ్లండుకు, అమెరికాకు చదువులకు వెళుతున్నారు. ఇంటి నుండి దూరాన ఉన్నవానికి డబ్బు పంపవలసిన వంతు ఇప్పుడు తండ్రిది. ఆ డబ్బు తరచుగా భవిష్యనిధి నుండి తీసినదో, పదవీ విరమణనాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీయో, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన విద్యారుణమో అయి ఉంటుంది. ఒకసారి పోతే మళ్లీ కూడని డబ్బు అది. అందువల్లనే ఏ బ్యాంకులో, ఎటువంటి ఖాతా అన్న ప్రశ్నను విమానం దిగిన తరువాత చూసుకోవచ్చునని వదిలివేయటం మంచిది కాదు. నిజానికి ఆ ఎంపిక విదేశంలో మొదలు కాదు. ఖరగ్‌పూరులోని పాత పాసు పుస్తకం దగ్గరనే మొదలవుతుంది.

పాసు పుస్తకం మారిపోతుంది

"అబ్బాయి పేరిట ఇక్కడ ఖాతా ఉన్నది కదా, అందులోనే వేస్తూ ఉంటాము" అని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఇక్కడే చిక్కు ఉన్నది. చదువుకై విదేశానికి వెళ్లే విద్యార్థిని ప్రవాస భారతీయునిగానే పరిగణించాలని భారతీయ రిజర్వు బ్యాంకు 2003 డిసెంబరులో స్పష్టం చేసింది. అంటే, అతడు బయలుదేరిన పిమ్మట స్వదేశంలోని సాధారణ పొదుపు ఖాతాను యథాతథంగా నడపడానికి వీలు లేదు. బ్యాంకుకు తెలియజేసి దానిని ఎన్.ఆర్.ఓ. ఖాతాగా, అనగా ప్రవాసుని సాధారణ రూపాయి ఖాతాగా మార్పించుకోవాలి. ఖాతా నెంబరు మారవచ్చు, మారకపోవచ్చు. చట్టం దృష్టిలో మాత్రం అది వేరే ఖాతా.

ఈ మార్పు వలన వచ్చే తేడా చిన్నది కాదు. ఎన్.ఆర్.ఓ. ఖాతాపై వచ్చే వడ్డీలో 30 శాతానికి పైగా పన్ను మూలంలోనే కోత పడుతుంది. కొడుకు పేరిట లక్షల రూపాయల ఫిక్సెడ్ డిపాజిట్టు వేసి ఉంచిన తండ్రికి ఈ కోత మొదటిసారి కనిపించినప్పుడు బ్యాంకు పొరపాటు చేసినదనే తోస్తుంది. పొరపాటేమీ లేదు. విద్యార్థికి మొత్తం ఆదాయం తక్కువైతే రిటర్ను దాఖలు చేసి ఆ సొమ్ము తిరిగి రాబట్టుకోవచ్చును. అంతకన్న తేలిక మార్గమేమంటే, బయలుదేరేముందే ఎవరి డబ్బు ఎవరి పేరిట ఉండాలో ఇంట్లో తేల్చుకోవటం.

ఎన్.ఆర్.ఇ. అనే మరొక ఖాతా పేరు కూడా బ్యాంకులలో వినిపిస్తుంది. విదేశంలో సంపాదించిన సొమ్మును స్వదేశానికి పంపి దాచుకొనడానికి అది ఉద్దేశింపబడినది. దాని వడ్డీపై ఇక్కడ పన్ను లేదు. సొమ్మును ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరిగి విదేశానికి తీసుకుపోవచ్చు. కాని ఇంకా ఒక డాలరైనా సంపాదించని విద్యార్థికి మొదటి సంవత్సరంలో దానితో పని ఉండదు. ఉద్యోగం వచ్చిన తరువాత తెరుచుకున్నా ఆలస్యమైనట్లు కాదు.

చిన్నదిగా కనిపించి పెద్ద ఇబ్బంది పెట్టే విషయం ఇంకొకటి: టెలిఫోను నెంబరు. స్వదేశపు ఖాతాకు వచ్చే రహస్య సంఖ్య ఇక్కడి సిమ్ కార్డుకే చేరుతుంది. రీఛార్జి మరచిపోయి ఆ నెంబరు రద్దయితే, ఖాతాలో డబ్బు ఉండి కూడా చేతికి అందదు. బయలుదేరకముందే బ్యాంకులో ఏ నెంబరు నమోదు చేయాలో అడిగి, కాగితంపై వ్రాయించుకోవాలి.

అదే పట్టణంలో, అవే మూడు అక్షరాలు

ఇందులో ఒక వింత ఉన్నది. ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో చదువుకొనుటకు ఇతర దేశాల నుండి వచ్చే విద్యార్థి ఇక్కడి బ్యాంకులో తెరిచే ఖాతా కూడా ఎన్.ఆర్.ఓ. ఖాతాయే. వీసా ముద్ర ఉన్న పాస్‌పోర్టు, ఫోటో, విద్యాసంస్థ ఇచ్చిన ప్రవేశపత్రం చూపితే ఖాతా తెరుస్తారు. స్థానిక చిరునామాను ముప్పయి రోజులలోగా తెలపాలి. ఆ చిరునామా తనిఖీ పూర్తయ్యేవరకు విదేశం నుండి వెయ్యి డాలర్లకు మించి రాకూడదు. ఖాతాలో మొత్తం 50,000 రూపాయల పరిమితిని దాటకూడదు. హాస్టలు గది నెంబరు ఇంకా తెలియని కుర్రవానికి ఆ ముప్పయి రోజులు ఎంత దీర్ఘంగా తోస్తాయో ఊహించవచ్చు.

ఖరగ్‌పూరు కుర్రవాడు బెర్లినులోనో, బర్మింగ్‌హాంలోనో దిగినప్పుడు ఎదురయ్యేది అచ్చంగా ఇదే. బ్యాంకుకు చిరునామా కావాలి. ఇల్లు అద్దెకిచ్చేవారికి బ్యాంకు ఖాతా కావాలి. ఈ చక్రం నుండి బయటపడేందుకు విశ్వవిద్యాలయమిచ్చే పరిచయపత్రమే సాధారణంగా దారి చూపుతుంది. కాబట్టి ప్రవేశం ఖాయమైన వెంటనే ఆ పత్రం ఎవరిస్తారో, ఏ బ్యాంకులు దానిని అంగీకరిస్తాయో విశ్వవిద్యాలయపు విదేశీ విద్యార్థుల విభాగానికి ఉత్తరం వ్రాసి తెలుసుకోవటం ఉత్తమం.

దేశానికొక తీరు

కొన్ని దేశాలలో మొదటి ఖాతా విద్యార్థి ఇష్టానికి వదలినది కాదు. వీసా కోసమే దానిని తెరవాలి. జర్మనీలో జీవనవ్యయానికి రుజువుగా చాలామంది ‘బిగింపు ఖాతా’ తెరుస్తారు. 2024 సెప్టెంబరులో ఆ మొత్తాన్ని సంవత్సరానికి 11,904 యూరోలుగా నిర్ణయించారు. డబ్బు విద్యార్థిదే అయినా నెలకు 992 యూరోలు మాత్రమే బయటకు వస్తుంది. వాటిని అందుకొనుటకు అక్కడికి వెళ్లాక మరొక సాధారణ ఖాతా కావాలి. అంటే రెండు ఖాతాలు, రెండు రుసుములు. మొదటిదాన్ని నడిపే సంస్థ తీసుకొనే ప్రారంభ రుసుము, నెలవారీ రుసుము సంస్థ సంస్థకూ మారుతుంది గనుక పోల్చి చూడవలసింది అక్కడే. ఏ బ్యాంకూ ఖాతా ఇవ్వనన్నప్పుడు ఆధారం కూడా ఉన్నది: చట్టబద్ధంగా నివసించే ప్రతివారికీ కనీస ఖాతా పొందే హక్కును జర్మనీ 2016లో శాసనం చేసింది.

కెనడాలో ఇటువంటి పాత్రను జి.ఐ.సి. అనే డిపాజిట్టు నిర్వహిస్తున్నది. చేరగానే కొంత, మిగిలినది వాయిదాలుగా చేతికిస్తారు. జీవనవ్యయానికి చూపవలసిన మొత్తాన్ని 2024 జనవరి 1 నుండి 10,000 కెనడా డాలర్ల నుండి 20,635 డాలర్లకు ఒక్కసారిగా పెంచారు. ఆ తరువాత మరికొంత పెరిగింది. పాత అంకెను నమ్ముకొని అప్పు తెచ్చుకున్న కుటుంబాలకు అది ఎటువంటి దెబ్బయో వేరుగా చెప్పనవసరం లేదు. ఏ దేశమైనా సరే, దరఖాస్తునాటి అంకెను ప్రభుత్వపు అధికారిక ప్రకటనలోనే చూడాలి; ఏజెంటు చీటీలో కాదు.

ఇంగ్లండు పద్ధతి వేరు. అక్కడ చూపవలసిన సొమ్ము వరుసగా 28 రోజులు ఖాతాలో నిలిచి ఉండాలి. తల్లిదండ్రుల ఖాతా అయినా పనికివస్తుంది. జన్మపత్రం, సమ్మతి లేఖ జతచేయాలి. ఆ నెలలో ఒక్కరోజు నిల్వ తగ్గినా వీసా తిరస్కరణకు గురి కావచ్చును. చెల్లెలి పెళ్లికో, వైద్యానికో అందులోనుండి కొంత తీసి వారం తిరగకముందే మళ్లీ వేసినా, లెక్క మొదటి నుండి పెట్టవలసిందే.

అమెరికాలో సామాజిక భద్రతా సంఖ్య లేకపోయినా పాస్‌పోర్టుతో ఖాతా ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. అక్కడ జాగ్రత్తపడవలసినది రుసుముల విషయంలో. కనీస నిల్వ లేకపోతే నెలవారీ రుసుము, నిల్వకు మించి ఖర్చుచేస్తే మరొక జరిమానా. విద్యార్థులకు నెలవారీ రుసుము మాఫీ చేసే ఖాతాలు చాలా ఉన్నా, ఆ మాఫీ ఏ వయసు దాకానో చిన్న అక్షరాలలో ఉంటుంది. ‘క్రెడిట్ యూనియన్’ అన్న మాట వినగానే కొత్తగా అనిపించవచ్చు గాని, రైల్వే ఉద్యోగుల సహకార పరపతి సంఘాన్ని ఎరిగిన ఖరగ్‌పూరువారికి దాని తత్త్వం బాగా తెలిసినదే. సభ్యులే యజమానులు. అనేక విశ్వవిద్యాలయాలలో అటువంటివి ఉన్నాయి. బ్యాంకు డిపాజిట్టు లాగానే వాటిలోని సొమ్ముకూ రెండున్నర లక్షల డాలర్ల దాకా ప్రభుత్వ బీమా ఉన్నది. మన దేశంలో ఇటువంటి బీమా 2020 నుండి 5 లక్షల రూపాయలు. ఇంగ్లండులో 2025 డిసెంబరు నుండి 1,20,000 పౌండ్లు. సెల్‌ఫోనులో అయిదు నిమిషాలలో ఖాతా తెరుస్తామనే కొత్త సంస్థలను అడగవలసిన మొదటి ప్రశ్న ఈ బీమా గురించే. అందులో కొన్ని బ్యాంకులే కావు.

డబ్బు పంపేటప్పుడు

భారతదేశంలో నివసించే ప్రతి వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో రెండున్నర లక్షల డాలర్ల వరకు విదేశానికి పంపవచ్చునన్నది 2015 నుండి ఉన్న పరిమితి. సామాన్య కుటుంబానికి అంతతో పని లేదు. వారికి తగిలేది మారకపు రేటు. బ్యాంకు తన రుసుము అయిదు వందలేనని చెప్పి, డాలరుకు ఒక రూపాయి ఎక్కువ రేటు కడితే, పదివేల డాలర్లపై పదివేల రూపాయలు కనపడకుండా పోతాయి. ‘రుసుము ఎంత?’ అని కాక, ‘ఇన్ని డాలర్లు అక్కడ చేరటానికి నేను మొత్తం ఎన్ని రూపాయలు కట్టాలి?’ అని రెండు మూడు చోట్ల అడిగితే నిజం బయటపడుతుంది. ఫీజును విద్యార్థి ఖాతా ద్వారా తిప్పకుండా నేరుగా విశ్వవిద్యాలయానికే పంపటం క్షేమం. ఏడాదికి పది లక్షల రూపాయలు దాటిన సొమ్ముపై బ్యాంకు కొంత పన్ను ముందుగా వసూలు చేస్తుంది. గుర్తింపు పొందిన సంస్థల విద్యారుణం నుండి పంపితే 2025 ఏప్రిల్ నుండి ఆ వసూలు లేదు. వసూలైనది కూడా పోయినట్లు కాదు, తండ్రి పన్ను లెక్కలో జమ అవుతుంది.

అద్దెకు అడిగే ఖాతా

రుసుముల నష్టం పూడ్చుకోగలిగినది. పూడ్చుకోలేని నష్టం మరొకటి ఉన్నది. విదేశంలో చేరిన కొద్ది వారాలకు, చేతిలో డబ్బు తరిగిపోతున్న వేళ, ఎవరో పరిచయస్థుడు వచ్చి అడుగుతాడు: "తమ్ముడూ, నీ ఖాతాలోకి కొంత డబ్బు వస్తుంది, దానిని ఇంకొకరికి పంపు, నీకు కొంత కమీషను ఉంటుంది." ఒక్కొక్కప్పుడు తెలుగులోనే అడుగుతాడు, అందువల్లనే నమ్మకం కలుగుతుంది. ఆ డబ్బు ఎవరినో మోసగించి దోచినదై ఉంటుంది. దానిని చేతులు మార్చటం నేరం. ఇంగ్లండులో నల్లధనాన్ని చలామణి చేసిన నేరానికి గరిష్ఠ శిక్ష 14 సంవత్సరాల జైలు. అంతవరకు పోకపోయినా బ్యాంకు ఖాతాను మూసివేస్తుంది, మోసగాళ్ల జాబితాలో పేరు చేరుతుంది, మరొక బ్యాంకు తలుపు తెరవదు. ఖాతా లేకపోతే జీతం రాదు, ఇల్లు దొరకదు. పిల్లవానికి ఉన్ని కోటు, ఆవకాయ సర్దిపెట్టే ఇంటివారు ఈ ఒక్క సంగతిని తప్పక చెప్పి పంపాలి.

చదువు ముగిసి తిరిగి వచ్చేవారు అక్కడి ఖాతాలను కొంత చిల్లరతో అలాగే వదిలివస్తుంటారు. నెలవారీ రుసుము ఆ చిల్లరను తినివేసి, పిమ్మట బాకీగా మారుతుంది. చివరి కరెంటు బిల్లు, ఇంటి అడ్వాన్సు వాపసు వచ్చేవరకు ఆగి, ఖాతా మూసినట్లు బ్యాంకు నుండి లేఖ తీసుకోవాలి. ఖాతాను కొనసాగించుకొనడానికి చట్టం ఒప్పుకుంటుంది గాని, స్వదేశంలో సాధారణ నివాసి అయిన నాటి నుండి ఏటా ఆదాయపు పన్ను రిటర్నులోని విదేశీ ఆస్తుల పట్టికలో దానిని చూపవలసి ఉంటుంది. నిల్వ ఎంత తక్కువైనా సరే. ఇక్కడి ఎన్.ఆర్.ఓ. ఖాతాను కూడా మళ్లీ బ్యాంకుకు వెళ్లి, తిరిగి వచ్చామని వ్రాసి ఇచ్చి, మామూలు పొదుపు ఖాతాగా మార్పించుకోవాలి.