వెనుక చక్రాల బ్రేకు డిస్కుల మార్పిడి

చార్మినార్, పత్తర్‌గట్టీ, మదీనా పరిసరాల్లో అడుగడుగునా ఆగుతూ సాగే కార్లలో బ్రేకులకు విశ్రాంతి అరుదు. చిన్న కార్లలో చాలావాటికి వెనుక డ్రమ్ము బ్రేకులే ఉండగా, కొంత పెద్ద కార్లకు డిస్కులు, అంటే చక్రంతో పాటు తిరుగుతూ రెండు ప్యాడ్ల మధ్య ఒత్తిడికి లోనై వేగాన్ని వేడిగా మార్చే పోత ఇనుప బిళ్లలు, ఉంటాయి. బ్రేకు భారంలో అధిక భాగాన్ని ముందు చక్రాలే మోస్తాయి కనుక వెనుక డిస్కులు నెమ్మదిగా అరుగుతాయి. అయితే పాతబస్తీ గల్లీల్లో వానకు తడుస్తూ రోజుల తరబడి కదలని కార్లలో వాటిని అరుగుదల కంటే ముందు తుప్పే చెడగొట్టవచ్చు.

డిస్కుపై ముద్రించిన కనీస మందం కంటే అది పలచబడినా, పగుళ్లు వచ్చినా, ఎడమ కుడి రెండింటినీ కొత్త ప్యాడ్లతో సహా మార్చడం ఉత్తమం.

ఈ పనిలో అసలు చిక్కు హ్యాండ్ బ్రేకు దగ్గరే ఉంది. ప్యాడ్లను నొక్కే పిస్టన్‌ను ఇముడ్చుకున్న క్యాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేకు మర కూడా ఉండే అనేక కార్లలో, పిస్టన్‌ను బలవంతంగా నెడితే ఆ మర పాడవుతుంది కాబట్టి, దానిని ప్రత్యేక పనిముట్టుతో తిప్పుతూ లోపలికి పంపాలి. బటన్‌తో పనిచేసే ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేకు అయితే ముందుగా సర్వీస్ మోడ్‌లో పెట్టాలి, ఇందుకు కొన్ని కార్లకు స్కానర్ అవసరమవుతుంది. ఖరీదైన క్యాలిపర్ చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే కనుక, ఆ పనిముట్టు ఉందో లేదో మెకానిక్‌ను ముందే అడగడం యజమాని హక్కు.

హ్యాండ్ బ్రేకు వదిలి చేసే పని కావడంతో ముందు చక్రాలకు దిమ్మెలు అడ్డుపెట్టి, కారును జాకీ మీదనే వదలక స్టాండ్లపై నిలపాలి. హబ్ మీది తుప్పును గీకి, కొత్త డిస్కుపై పూసిన నూనెను బ్రేక్ క్లీనర్‌తో తుడిచి బిగించాక, పెడల్ గట్టిపడేవరకు పలుమార్లు తొక్కకుండా బండిని కదిలించకూడదు.