దోమలపై దండెత్తిన సైనికాధికారి

పిల్లలూ! చీమలు పట్టకుండా మీ అమ్మ పాలగిన్నెను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టడం మీరు చూసే ఉంటారు. చీమ ఆ నీటిని దాటి రాలేదు, పాలు భద్రం. ఇంత మంచి ఉపాయం వల్ల మనుషులు చనిపోతారంటే నమ్ముతారా? పనామాలో ఒకప్పుడు సరిగ్గా అదే జరిగింది.

మీ అట్లాసు తెరవండి. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలను కలుపుతూ సన్నని నేలపట్టీ కనిపిస్తుంది. అదే పనామా. దాన్ని కోసి రెండు మహాసముద్రాలను కలపాలని 1881లో ఫ్రెంచివారు కాలువ తవ్వడం మొదలుపెట్టారు. జబ్బుపడిన కూలీల కోసం చక్కని ఆసుపత్రి కట్టారు. మంచాల మీదికి చీమలు ఎక్కకుండా కోళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టారు. ఆ గిన్నెలలో దోమలు గుడ్లు పెట్టాయి. కాలు విరిగి వచ్చిన రోగి జ్వరంతో చనిపోయేవాడు! మలేరియా, ఎల్లో ఫీవర్ అనే పచ్చజ్వరం కలిసి వేలాదిమందిని పొట్టన పెట్టుకున్నాయి. మొత్తం చనిపోయినవారు 20 వేలకు పైనే ఉంటారని అంచనా. 1889లో కంపెనీ దివాలా తీసింది, పని ఆగిపోయింది.

పాపం, ఆ డాక్టర్లు తెలివితక్కువవారు కారు. జ్వరాలకు చెడుగాలి, మురికి కారణమని అప్పుడందరూ నమ్మేవారు. దోమను దాదాపు ఎవరూ అనుమానించలేదు. అనుమానించిన కొద్దిమందిలో ఒకాయన ఉన్నారు. ఆయన సంగతి తరువాత చెబుతాను.

ఇప్పుడు మన కథానాయకుణ్ణి కలుసుకుందాం. ఆయన పేరు విలియం గోర్గస్. 1854లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పుట్టారు. తండ్రి సైన్యాధికారి. తనూ సైనికుణ్ణి కావాలని ఆయన చిన్ననాటి కోరిక. కాని సైనిక కళాశాలలో సీటు దొరకలేదు. అయినా పట్టు వదలలేదు. డాక్టరైతే సైన్యంలో చేరవచ్చు కదా! వైద్యం చదివి 1880లో సైన్యంలో డాక్టరుగా చేరారు.

టెక్సాస్‌లోని ఒక కోటలో పనిచేస్తుండగా అక్కడ పచ్చజ్వరం వ్యాపించింది. మేరీ అనే యువతికి వైద్యం చేశారు. తరువాత ఆయనకూ అదే జబ్బు సోకింది. అదృష్టవశాత్తు ఇద్దరూ కోలుకున్నారు, ఆ తరువాత పెళ్ళి చేసుకున్నారు. ఈ జ్వరం ఒకసారి వచ్చి తగ్గితే మళ్ళీ రాదు. అందుకే ఆ జబ్బు ఎక్కడుంటే అక్కడికి గోర్గస్‌ను పంపడం మొదలుపెట్టారు.

1898లో క్యూబా రాజధాని హవానాకు పంపారు. ఆయన వీధులన్నీ ఊడ్పించి, చెత్త ఎత్తించి, నగరాన్ని అద్దంలా చేశారు. మిగతా జబ్బులు తగ్గాయి. పచ్చజ్వరం మాత్రం 1900లో మరింత పెరిగింది! ఎందుకో చెప్పగలరా? ఇక్కడ పత్రిక మూసి ఒక్క నిమిషం ఆలోచించండి.

జవాబు హవానాలోనే ఉంది. కార్లోస్ ఫిన్లే అనే డాక్టరు పచ్చజ్వరాన్ని ఒక జాతి దోమ మోస్తున్నదని 1881లోనే చెప్పాడు. జనం నవ్వారు. దాదాపు ఇరవై ఏళ్ళు ఆ మాట ఎవరికీ ఎక్కలేదు. ఈలోగా 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో మరో సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. దోమలు జబ్బులు మోయగలవన్న మాటకు బలం వచ్చింది. 1900లో వాల్టర్ రీడ్ బృందం హవానాలో ప్రయోగాలు చేసి ఫిన్లే మాట నిజమని రుజువు చేసింది. ఆ పరిశోధనలోనే జెస్సీ లేజియర్ అనే యువ డాక్టరు పచ్చజ్వరం సోకి ప్రాణం కోల్పోయాడు.

దోమ మాటను గోర్గస్ కూడా మొదట నమ్మలేదు. రుజువు చూశాక మనసు మార్చుకున్నారు. శాస్త్రదృష్టి అంటే ఇదే, పిల్లలూ!

ఈ దోమను ఈడిస్ ఈజిప్టై అంటారు. నల్లని ఒంటిమీద తెల్లని చారలుంటాయి, పగలు కుడుతుంది. మురికిగుంటలకన్నా ఇంట్లో నిలవ ఉన్న మంచినీళ్ళే దీనికి ఇష్టం. మరి వీధులు ఊడిస్తే ఏం లాభం?

1901 ఫిబ్రవరిలో గోర్గస్ కొత్త యుద్ధం మొదలుపెట్టారు. ఆయన మనుషులు ఇంటింటికీ వెళ్ళి తొట్లకు మూతలు పెట్టించారు, నీటిపై నూనె పోయించారు. పురుగులు కనబడితే జరిమానా! రోగులను దోమతెరల్లో ఉంచారు. రోగిని కుట్టకపోతే దోమకు జబ్బు అంటదు, దోమకు అంటకపోతే మరొకరికి రాదు. ఆ సెప్టెంబరుకల్లా హవానాలో పచ్చజ్వరం మాయమైంది.

1904లో కాలువ పని అమెరికావారు చేపట్టారు, గోర్గస్ పనామా చేరారు. రాస్ కూడా అదే ఏడాది వెళ్ళి అక్కడి పని చూశాడు. కాని పై అధికారులు “దోమల వేటకు డబ్బు తగలెయ్యాలా?” అన్నట్టు చూశారు. 1905లో పచ్చజ్వరం విజృంభించింది. ఉద్యోగులు ఓడలెక్కి పారిపోయారు. గోర్గస్‌ను తీసెయ్యాలన్నారు. అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మాత్రం ఆయన పక్షాన నిలిచాడు. కొత్త ప్రధాన ఇంజనీరు జాన్ స్టీవెన్స్ అడిగినన్ని సామాన్లు, మనుషులను ఇచ్చాడు. సుమారు 4,000 మంది రంగంలో దిగారు. ఇల్లిల్లూ మూసి గంధకం పొగ వేశారు. పనామా నగరానికి కుళాయి నీళ్ళు తెచ్చారు, ఇక పీపాలలో నీళ్ళు నిలవ చేసే అవసరమే తప్పింది. 1905 నవంబరు తరువాత ఆ నగరంలో పచ్చజ్వరం కనబడలేదు.

మలేరియా అంత తేలికగా లొంగలేదు. దాని దోమ వేరు, పుట్టే చోట్లు వేరు. గుంటలు పూడ్చారు, కాలువలు తీశారు, గడ్డి కోశారు, క్వినైన్ పంచారు. 1906లో 26 వేలమంది పనివారిలో 21 వేలకు పైగా మలేరియాతో ఆసుపత్రిలో చేరారు. 1912లో 50 వేలమందిలో చేరినవారు సుమారు 5,600 మందే! 1914 ఆగస్టు 15న కాలువ తెరుచుకుంది.

ఒక చేదునిజం కూడా చెప్పాలి. దోమలు రాని జాలీల ఇళ్ళు ఎక్కువగా తెల్లవారికే దక్కాయి. వెస్టిండీస్ నుంచి వచ్చిన నల్లజాతి కూలీలకు అంత రక్షణ లేదు. అమెరికావారి కాలంలో చనిపోయిన 5,609 మందిలో ఎక్కువమంది వారే.

1914లో గోర్గస్ అమెరికా సైన్యానికి సర్జన్ జనరల్ అయ్యారు. 1920లో లండన్‌లో జబ్బుపడితే ఇంగ్లండు రాజు ఆసుపత్రికి వచ్చి బిరుదునిచ్చి గౌరవించాడు. ఆ జూలైలో ఆయన కన్నుమూశారు.

పచ్చజ్వరం మన దేశంలో లేదు. దానికి టీకా కూడా 1937లోనే తయారైంది. కాని ఆ చారల దోమ మాత్రం మన ఇళ్ళలోనే ఉంది, డెంగీని మోస్తున్నది. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. అందుకే వారానికొకసారి నీళ్ళు పారబోసి, పాత్ర లోపలి గోడలు రుద్ది కడగాలి. గుడ్లు ఆ గోడలకే అంటుకుని ఉంటాయి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. నోటుపుస్తకం తీసుకుని మీ ఇల్లంతా తిరగండి. గాబు, పూలకుండీ కింద పళ్ళెం, ఫ్రిజ్ వెనుక తట్ట, కూలరు, పాత టైరు, కొబ్బరిచిప్ప – ఎన్నింటిలో నీళ్ళు నిలిచాయో, ఎన్నింటిలో పురుగులు ఎగిరెగిరిపడుతున్నాయో రాయండి. వాటిని పొడినేలపై పారబోయండి. వచ్చే ఆదివారం మళ్ళీ లెక్కపెట్టండి.

పాలగిన్నె కింది పళ్ళెంలో నీళ్ళు కూడా రోజూ మార్చమని అమ్మకు చెప్పడం మరిచిపోకండేం!