మునిగిన ఊరు, పండిన చేను

ఫిలిప్పీన్స్ అనగానే మనకు సముద్రతీరాలే స్ఫురిస్తాయి. మన గోదావరి జిల్లాల వలె ఆ దేశానికి ధాన్యాగారమనదగిన నువేవా ఎసిహా ప్రావిన్సు మాత్రం మనీలాకు ఉత్తరాన ఉన్న సమతల ప్రదేశం. 2024 ఏప్రిల్ చివరలో అక్కడి మున్యోస్ అనే ప్రశాంతమైన పట్టణంలో రెండు రోజులు గడిపే అవకాశం నాకు కలిగింది.

కోతలు ముగిశాయి. తారురోడ్డుపై సగం మేర ధాన్యం ఆరబోసి ఉన్నది. వాహనాలు మిగిలిన సగంలోనే ఒద్దికగా సాగిపోతున్నాయి. ధాన్యాన్ని వారు 'పలాయ్' అంటారు. బియ్యాన్ని 'బిగాస్', అన్నాన్ని 'కానిన్' అంటారు. అన్నమే జీవనాధారమైన జాతికి ఒక్క మాట చాలదు కాబోలు, మనకూ చాలలేదు.

ఎండిన పంట కాలువను చూసి, దీనికి నీరెక్కడిదని మా బస యజమానురాలిని అడిగాను. అరవై దాటిన ఆ ఇల్లాలు మరునాడు నన్ను స్వయంగా పాంతబాంగన్ జలాశయానికి తీసుకొని వెళ్లారు. పాంపంగా నదిపై 107 మీటర్ల ఎత్తున నిలిచిన మట్టి ఆనకట్ట అది. నిర్మాణం 1971లో ప్రారంభమైంది. సేద్యానికి నీరు, విద్యుత్తు, వరదల నుండి రక్షణ దాని ప్రయోజనాలు. వాటి కొరకు పాత పాంతబాంగన్ పట్టణం జలగర్భంలో కలిసిపోయింది. ప్రజలను మెరక ప్రాంతానికి తరలించారు.

ఆ ఏడు ఎల్ నినో వల్ల నీటిమట్టం బాగా తగ్గి, పాత చర్చి శిథిలాలు, సమాధి రాళ్లు బయటపడ్డాయి. నెర్రెలు విచ్చిన నేలపై ఆమె చర్చి వద్ద నుండి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒకచోట ఆగి, తమ ఇల్లు అక్కడే ఉండేదన్నారు. ఊరు విడిచేనాటికి ఆమెకు పన్నెండేళ్లు. తరువాత వివాహమై మున్యోస్ చేరారు.

"మా ఇంటిని ముంచిన నీరే ఇప్పుడు మా చేనును తడుపుతున్నది. ఆనకట్టపై నాకు కోపం లేదు. నీటిని వృథా చేసేవారిని మాత్రం సహించలేను" అన్నారు.

నాగార్జునసాగర్ నిండకముందే నాగార్జునకొండ శిల్పాలను కొండపైకి చేర్చి కాపాడుకున్నాము. ఊళ్లను అలా చేర్చలేము. నా ఉద్యోగ జీవితంలో 'ముంపు ప్రాంతం' అనే గడిని హెక్టార్లతో ఎన్నిమార్లో నింపాను. ఆ గడిలో ఒక బాలిక చర్చి నుండి ఇంటికి నడిచిన అడుగులు కూడా ఉంటాయని ఏనాడూ తోచలేదు.

ఆ రాత్రి ఆమె వడ్డించిన అన్నంలో ఒక్క మెతుకు కూడా నేను పళ్లెంలో వదలలేదు.