పది తర్వాత వృత్తి విద్య: మోతె ప్రాంత రైతు కుటుంబాలు ముందే తెలుసుకోవాల్సిన దారులు

పదో తరగతి ఫలితాలు వచ్చాక పిల్లల చదువు గురించి ఆలోచిద్దామని చాలా కుటుంబాలు ఆగుతాయి. అది యాసంగి వరి కోతలు, ధాన్యం అమ్మకాల సమయం. ఆ పనుల్లో ఉండగానే కొన్ని కోర్సుల దరఖాస్తు గడువు దాటిపోతుంది. 2025లో పది ఫలితాలు ఏప్రిల్ 30న వచ్చాయి. పాలిటెక్నిక్, వ్యవసాయ డిప్లొమా సీట్లకు ఆధారమైన పాలిసెట్ మే 13న జరిగింది. దాని దరఖాస్తు గడువు మాత్రం ఫలితాల కంటే ముందే ముగిసింది. పది పరీక్షలు రాసే విద్యార్థులు ఫలితాల కోసం ఆగకుండానే దరఖాస్తు చేసుకోవచ్చు. ఇది తెలియక ఆగినవారికి ఆ దారిలో ఏడాది పోయినట్లే.

వ్యవసాయ, పశుసంవర్ధక డిప్లొమాలు

ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిధిలో వ్యవసాయ డిప్లొమా రెండేళ్లు, వ్యవసాయ ఇంజినీరింగ్ డిప్లొమా మూడేళ్లు ఉంటాయి. మన ప్రాంతానికి దగ్గరగా మిర్యాలగూడ వైపు కంపాసాగర్‌లో వ్యవసాయ పాలిటెక్నిక్ ఉంది. ఉద్యాన డిప్లొమాను కొండా లక్ష్మణ్ తెలంగాణ ఉద్యాన విశ్వవిద్యాలయం, పశుసంవర్ధక డిప్లొమాను పీవీ నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం నిర్వహిస్తాయి. ఈ సీట్లు కోరుకునేవారు పాలిసెట్‌లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు జీవశాస్త్రం ప్రశ్నలు కూడా రాయాలి.

వ్యవసాయ డిప్లొమా చదివినవారు వ్యవసాయ విస్తరణ అధికారి పోస్టులకు పోటీ పడవచ్చు. విత్తన కంపెనీల్లో పని దొరుకుతుంది. అగ్రిసెట్ రాసి బీఎస్సీ వ్యవసాయంలో చేరవచ్చు. సొంత పొలం చేసుకునేవారికి కూడా ఈ చదువు వృథా కాదు.

ఇంజినీరింగ్ పాలిటెక్నిక్

సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ వంటి డిప్లొమాలు మూడేళ్లు. ఇవి పూర్తయ్యాక ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఇంటి పరిస్థితి బాగా లేకపోతే ముందు ఉద్యోగంలో చేరి, తర్వాత చదువుకునే వీలూ ఉంటుంది.

ఐటీఐ

చేతిపని త్వరగా నేర్చుకోవాలనుకునే పిల్లలకు ఐటీఐ మంచిది. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడ్లు రెండేళ్లు. వెల్డర్, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. రాష్ట్రంలో 65 ప్రభుత్వ ఐటీఐలను కొత్త యంత్రాలతో అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మార్చే పనిని ప్రభుత్వం 2024లో ప్రారంభించింది.

మన చుట్టూ ఈ పనులకు గిరాకీ ఉంది. మిర్యాలగూడలో రైస్ మిల్లులు, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, దామరచర్ల మండలంలో యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. ఊళ్లో మోటార్లు, ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు బాగుచేసేవారి అవసరం ఎలాగూ ఉంటుంది. ఐటీఐ తర్వాత అప్రెంటిస్‌గా స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకోవచ్చు. ఎల్‌పీసెట్ రాసి డిప్లొమా రెండో ఏడాదిలో కూడా చేరవచ్చు.

ఇంటర్ వొకేషనల్

జూనియర్ కళాశాలల్లో రెండేళ్ల వొకేషనల్ కోర్సులు ఉంటాయి. పంటల ఉత్పత్తి, పాడి, ఎలక్ట్రికల్, ల్యాబ్ టెక్నీషియన్, అకౌంట్స్ వంటివి వీటిలో కొన్ని. అన్ని కోర్సులూ అన్ని కళాశాలల్లో ఉండవు. వొకేషనల్ తీసుకుంటే పైచదువు ఆగిపోతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. డిగ్రీలో చేరవచ్చు. బ్రిడ్జి కోర్సు పరీక్షలు కూడా పాసైతే ఎప్‌సెట్ రాయవచ్చు. అయితే బ్రిడ్జి కోర్సు సంగతి చేరేటప్పుడే కళాశాలలో అడగాలి. చివరి ఏడాదిలో గుర్తొస్తే అదనపు సబ్జెక్టులు చదవడం కష్టం.

18 ఏళ్లు నిండాక

చదువు మధ్యలో ఆగినవారికి కూడా అవకాశాలున్నాయి. గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం రైతులకు, గ్రామీణ యువతకు శిక్షణలు ఇస్తుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో శిక్షణ ఉచితం. భూదాన్ పోచంపల్లి మండలం జలాల్‌పూర్‌లోని స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థలో వసతితో పాటు శిక్షణ ఇస్తారు. పది పాసై 18 ఏళ్లు నిండినవారు డ్రోన్ పైలట్ శిక్షణ కూడా తీసుకోవచ్చు.

ఏది ఎంచుకోవాలి?

పక్కింటి పిల్లవాడు చేరాడని చేర్పించవద్దు. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పని మీ అబ్బాయికి లేదా అమ్మాయికి ఇష్టమేనా? చదువు అయ్యాక 50 కిలోమీటర్ల లోపు పని దొరుకుతుందా? తర్వాత పైచదువుకు దారి ఉందా? ఈ మూడింటికీ జవాబు దొరక్కుండా అప్పు చేసి పెద్ద కళాశాలలో చేర్పిస్తే, పంట పోయిన ఏడాది ఆ అప్పే మెడకు చుట్టుకుంటుంది.

బస్సు లేదని ఆడపిల్లల చదువు పదితో ఆపవద్దు. హాస్టల్ ఉన్న కళాశాలల వివరాలు ముందే కనుక్కోండి.

జాగ్రత్తలు

- పదో తరగతి చదువుతున్నప్పుడే, ఫిబ్రవరి నుంచి పాలిసెట్ ప్రకటన కోసం చూడండి. ఆ ఏడాది తేదీలను ప్రకటనలోనే సరిచూసుకోండి.
- కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసుకోండి. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఇవి అవసరం.
- ఒకటో తరగతి నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు దాచుకోండి.
- ప్రైవేటు సంస్థకు గుర్తింపు ఉందో లేదో చూశాకే డబ్బు కట్టండి. ప్రతి చెల్లింపుకూ రసీదు తీసుకోండి.
- ఒరిజినల్ మెమో, టీసీ ఇచ్చే ముందు జిరాక్స్ కాపీలు తీసి పెట్టుకోండి. సీటు ఖాయం కాకముందే ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వవద్దు.

ఏ సందేహం ఉన్నా ముందు మీ ఊరి ఉన్నత పాఠశాల ప్రధానోపాధ్యాయులను అడగండి. వ్యవసాయ కోర్సుల గురించి మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణ అధికారిని కూడా అడగవచ్చు. వారిలో చాలామంది ఆ డిప్లొమా చదివి వచ్చినవారే.