కామాఠీపుర చాళ్లో మడతచాకు తాళం

మడతచాకు అనగానే మన బొంబాయివారికి రాంపురీ జ్ఞాపకం వస్తుంది. సినిమాలు దానికి తెచ్చిపెట్టిన అపకీర్తి ఇంతా అంతా కాదు. అయినా ఆ రాంపురువారు 2023లో తమ ఊరి కూడలిలో 6 మీటర్ల చాకును నిలబెట్టుకున్నారు. మేము చెప్పబోయేది మాత్రం మామిడికాయ తరుగుకొనే 3 అంగుళాల చాకు సంగతి.

18వ శతాబ్దం చివర నైజాము సీమనుండి కట్టడపు పనులకు వచ్చిన మనవారి పేరే కామాఠీపురకు నిలిచింది. ఆ సందులలో ఒకదానిలో, రెండవ అంతస్తు వరండా చివర, ఒక తాతగారున్నారు. మిల్లులో ఫిట్టరు పని చేశారు. 1982 సమ్మెతో ఆ పని పోయింది, చేతివాటం పోలేదు. మేము వెళ్లేసరికి మనుమడికోసం చాకు చేస్తున్నారు.

"రేకు ఎవలైన చేస్తరు బిడ్డా, తాళం కాడ తెలుస్తది," అన్నారు.

పిడి వెన్నున ఒక ఉక్కు కమ్మి ఉంటుంది. నడుమ చీలమీద తక్కెడ కోలవలె ఊగుతుంది. ముందుకొనకు పన్ను, రేకు మొదట గాడి. వెనుకకొన క్రింద స్ప్రింగు. రేకు విప్పగానే పన్ను గాడిలో పడుతుంది. వెనుకకొన నొక్కితే పైకి లేస్తుంది. వినడానికి ఇంతే!

కాల్చి నూనెలో చల్లార్చినప్పుడు ఉక్కు రవంత వంగుతుంది. కనుక తాళం కుదుర్చుట ఆ తరువాతనే. అప్పటికి రేకుమీద ఆకురాయి జారిపోతుంది, సానరాతితో రుద్దవలసిందే. తాతగారు పన్నుకు దీపపు మసి పూసి, గాడిలో దించి, తీసి, అద్దాలు పైకెత్తి చూస్తారు. మసి చెరిగినచోట రెండు రుద్దులు. మళ్లీ మసి. మేము కూర్చున్న గంటన్నరలో ఇది ఎన్నిసార్లు జరిగిందో లెక్క తప్పాము. మధ్యలో రెండు గ్లాసుల చాయ్ చల్లారిపోయింది.

పన్ను గాడి అడుగున ఆనకూడదట! గోడలు కొంచెం ఏటవాలుగా ఉండి పన్ను వాటిమధ్య ఇరుక్కోవాలి, అడుగున వెంట్రుకవాసి ఖాళీ ఉండాలి. అరిగినకొద్దీ పన్ను ఆ ఖాళీలోకి దిగి బిగువు నిలుపుతుంది. ఖాళీ లేకపోతే అరిగిన తాళం వదులై, ఒకనాడు చాకు వేళ్లమీద మూసుకుంటుంది.

ఇది వారికి పుస్తకం చెప్పలేదు. పడుచుతనంలో చేసిన మొదటి చాకుకు పన్నును అడుగుదాకా దించారు. చూడ ముచ్చటగా కుదిరింది. ఏడాది తిరక్కుండా కొబ్బరి కోస్తున్న తమ్ముని చూపుడువేలు తెగింది. వేలు నిలిచింది గాని వంగదు. ఆ తమ్ముడు మగ్గం మీద బ్రతికేవాడు. తాతగారు ఈ మాట చెబుతూ మావైపు చూడలేదు.

చివరకు విప్పిన చాకు వెన్నును చెక్కమీద తట్టారు, వేళ్లు దారిలో లేకుండా పిడి పట్టుకొని. నాలుగోసారికి తాళం రవంత కదిలింది. మాకు కనబడలేదు, వారికి వినబడింది.

"మనుమడు ఇయ్యాల్నే అడుగుతుండు తాతా," అని కోడలు గుమ్మంలోనుండి అన్నది.

"ఐతారం రమ్మను," అని తాతగారు మళ్లీ మసి అందుకున్నారు.