తిండి మానిన ఎలుక, తీపి మరవని నాలుక

1953లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఒక ఎలుక మెదడు లోతుల్లోకి సన్నని తీగ దించారు. తీగ అనుకున్నచోట దిగలేదు. అదే మేలైంది. ఏ మూలన ఉండగా కరెంటు తగిలిందో, ఎలుక ఆ మూలకే పదేపదే పోసాగింది. తర్వాత మీట నొక్కి తన మెదడుకు తానే కరెంటు పెట్టుకునే ఏర్పాటు చేస్తే, కొన్ని ఎలుకలు గంటకు 2,000 సార్లకు పైగా నొక్కాయి. మెదడులో ఆనంద కేంద్రం దొరికిందని అందరూ సంబరపడ్డారు. ఆ దారుల్లో పారే డోపమైన్‌కు ‘ఆనంద రసాయనం’ అన్న పేరు స్థిరపడిపోయింది. ఇప్పటికీ వదల్లేదు, తప్పని తేలినా.

తేల్చినవాళ్ళలో ముఖ్యుడు మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్. 1989లో ఆయన బృందం ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తుడిచేసింది. అలాంటి ఎలుకలు ఎదురుగా మేత ఉన్నా ముట్టవు. గొట్టంతో పోసి బతికించాల్సిందే. వాటికి రుచే తెలియడం లేదని అప్పటిదాకా అనుకునేవారు. తీరా నోట్లో చక్కెర నీళ్ళు వేసి చూస్తే, నాలుక చాపి మూతి నాక్కున్నాయి! చేదు పడితే నోరు తెరిచి వెళ్ళగక్కాయి. పసిపిల్లలు చేసేదీ ఇదే. అంటే ఇష్టం చెక్కుచెదరలేదు. పోయిందల్లా దానికోసం కదిలే యావ.

ఆ యావను రగిలించే ఆకలి కణాలు మెదడు అడుగున, మనిషిలో సుమారు నాలుగు గ్రాముల బరువుండే హైపోథాలమస్‌లో ఉన్నాయి. కడుపు నిండిన చిట్టెలుకల్లో వీటిని కాంతితో తట్టిలేపితే నిమిషాల్లో మేత మీద పడ్డాయని 2011లో ఒక ప్రయోగం చూపింది.

యావను నడిపే ఈ డోపమైన్ ఏర్పాటు ఎంత పాతదంటే, దవడలైనా లేని లాంప్రే చేపలోనూ దీని మూలరూపం ఉంది. దానికీ మనకూ ఉమ్మడి పూర్వీకుడు 50 కోట్ల ఏళ్ళ కిందటివాడు. అలాగని మన తలలో ఒక బల్లి మెదడు, దానిపైన మనిషి మెదడు పొరలుగా పేర్చి లేవు. ఆ సిద్ధాంతాన్ని నాడీ శాస్త్రజ్ఞులు ఏనాడో పక్కన పెట్టారు. పాతవీ కొత్తవీ అల్లుకునే పెరిగాయి.

ఇష్టానికీ యావకూ ఉన్న తేడా మనుషుల్లో బాగా బయటపడేది పార్కిన్సన్ వ్యాధి చికిత్సలో. డోపమైన్‌ లాగా పనిచేసే కొన్ని మందులు వాడేవారిలో కొందరికి, అంతకుముందు పేకముక్క పట్టనివారికి కూడా, జూదం పిచ్చి పట్టుకుంటుంది. గెలుపు రుచించి కాదు, ఆడకుండా ఉండలేక. మోతాదు తగ్గిస్తే చాలామందిలో ఆ పిచ్చి దిగిపోతుంది. అందుకే మందు మొదలుపెట్టేటప్పుడే, ఖర్చుల తీరు మారిందేమో కనిపెట్టి ఉండమని ఇంట్లోవాళ్ళకు చెప్పడం అవసరం.